నేనూ ఇదే వాడతాను

నాలుగున్నర అయింది, పొద్దున కట్టుకొచ్చిన అన్నం డబ్బా మూత నున్నక్క ఇంకా తీయలేదు. కడుపులో ఎలుకలు పరిగెత్తి పరిగెత్తి మూడింటికే అలసిపోయాయి. ఆకలి ఇప్పుడు తలనొప్పిగా మారి కణతల దగ్గర కూర్చుంది. ముందున్న కుర్చీలో ఉంగరాల జుట్టావిడ ఫోన్ చూసుకుంటోంది. ఆవిడ జుట్టు నడుం దాటి ఉంది. ఆ ఉంగరాలన్నీ పోయి జుట్టంతా గీత గీసినట్టు నిటారుగా పడాలి. పన్నెండింటికి మొదలుపెట్టిన పని. మందు రాయడం, కడగడం, ఆరబెట్టడం అయ్యాయి. ఇక స్ట్రెయిట్‌నర్ వేడిచేసి పాయ పాయా నొక్కి లాగాలి. వెనక భాగమంతా ఇంకా అలాగే ఉంది.

మందు ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. తలుపు తీస్తే చల్లగాలి బయటికి పోతుందని పార్లర్ నడిపే మేడమ్ తీయనివ్వదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే కస్టమర్లకి లేనిపోని అనుమానం వస్తుందని అదీ కట్టుకోనివ్వదు. మధ్యలో రెండు నిమిషాలు కూలబడటానికి ఒక స్టూలు వేస్తే షాపేం మునిగిపోదు. కానీ పనివాళ్ళు కస్టమర్ల ఎదుట కూర్చోకూడదన్నది ఈ పార్లర్‌లో మొదటి నియమం. పదకొండేళ్ళు నిలబడి నిలబడి ఆమె పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బిపోయాయి. అయినా అందం అమ్మే చోట పనివాళ్ళ కాళ్ళెవరు చూస్తారు.

ముఖం మాత్రం అందరూ చూస్తారు. నలభై దగ్గరపడుతున్నా ఆ ముఖం మీద మచ్చ లేదు, మొటిమ లేదు, కళ్ళ కింద నలుపు కూడా లేదు. పార్లర్‌లో వాళ్ళు ఆమెని నున్నక్క అంటారు. ఆ మాట ఇంటిదాకా పాకి వీధిలో పిల్లలకి కూడా నున్నత్త అయిపోయింది. జుట్టు పని చేసేదానికి ఇంకో పేరే దొరకలేదా, గుండు చేసి పంపుతావని జనం భయపడరూ అని మొగుడు నవ్వుతాడు.

ఉంగరాల జుట్టావిడ ఫోన్ ఒళ్ళో పెట్టి, అద్దంలోంచి నున్నక్క ముఖం కేసి చాలాసేపు చూసింది. ఏం రాసుకుంటావని అడిగింది.

రోజుకి ఐదారుసార్లు వచ్చే ప్రశ్నే. ఆలోచించే పని లేదు, జవాబు నోరే చెప్పేస్తుంది.

“నేనూ ఇదే వాడతానమ్మా,” అంటూ అద్దం కింద అరలో పేర్చిన తెల్ల డబ్బాలు చూపించింది.

ఆ వెనకే మిగతాదంతా గుక్క తిప్పుకోకుండా వచ్చేసింది. పొద్దున గోరువెచ్చటి నీళ్ళతో ముఖం కడగాలి, తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. ముందు గులాబీ నీళ్ళు, అవి ఆరాక బఠాణీ గింజంత క్రీము. బయటికెళ్ళే ముందు ఎండకి రాసే లోషన్. సాయంత్రం ఇంటికి రాగానే మళ్ళీ కడగాలి, పడుకునే ముందు మళ్ళీ క్రీము. ఆరువారాలు ఒక్కరోజు కూడా మానకూడదు. ఎండకి రాసే లోషన్, గులాబీ నీళ్ళు, క్రీము, మూడూ ఇక్కడే దొరుకుతాయి.

నున్నక్క ఇంటి సంగతి వేరు. పొద్దున అయిదింటికి పంపు దగ్గర వరస. వంతు వచ్చాక రెండు బిందెలు నింపి, మూడో బిందెలో మిగిలిన నీళ్ళు ముఖాన కొట్టుకుంటుంది. ఆమెకి, మొగుడికి, ఎనిమిదో తరగతి చదివే కూతురికి, ముగ్గురికీ ఒకటే సబ్బు బిళ్ళ. అది అరిగి గోరంత అయ్యాక పారేయరు, కొత్త బిళ్ళకి అతికించి వాడతారు. కొంగుతో తుడుచుకుంటే ముఖం పని అయిపోయినట్టే. ఆ నునుపు ఆమె తల్లి నుంచి వచ్చింది. తల్లి జీవితమంతా నలుగురిళ్ళలో గిన్నెలు తోమింది, పోయే రోజు వరకూ ఆవిడ బుగ్గలూ ఇలాగే ఉన్నాయి. అంత కష్టపడ్డ మనిషి కూతురికి ఇచ్చి వెళ్ళిన ఆస్తి ఆ చర్మం ఒక్కటే. దాన్ని మేడమ్ నెలకి తొమ్మిది వేలకి వాడుకుంటోంది.

నిజానికి నున్నక్కకి తెలిసిన మంచి సంగతులు వేరే ఉన్నాయి. తడి జుట్టు దువ్వకూడదని తెలుసు. చిక్కు కింద నుంచి మొదలుపెట్టి పైకి తీసుకుంటూ రావాలని తెలుసు. తలంటుకున్నాక తువ్వాలుతో బాదేకంటే మెత్తబడ్డ పాత నూలు గుడ్డ చుట్టి వదిలేస్తే జుట్టు చిట్లదని తెలుసు. రోజూ ఒకే చోట బిగించి జడ వేసుకుంటే నుదురు వెనక్కి జరిగిపోతుందనీ తెలుసు. ఒకసారి ఎవరో కాలేజీ అమ్మాయికి ఇవన్నీ చెబితే మేడమ్ వెనక గదిలోకి పిలిచింది. కోప్పడలేదు. ఇలా ఊరికే చెప్పేస్తుంటే వాళ్ళు మళ్ళీ మన గడప ఎందుకు తొక్కుతారని నెమ్మదిగా అడిగింది. ఆ రోజు నుంచి నున్నక్క ఆ మాటలు ఇంట్లో కూతురికి తప్ప ఎవరికీ చెప్పడం మానేసింది.

మేడమ్ మరీ రాక్షసి ఏం కాదు. ఆవిడా ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి కనుబొమ్మలు తీసిన మనిషే. ఎదురు వీధిలో పెద్ద అద్దాల పార్లర్ వచ్చాక ఆవిడకి నిద్ర కరువైంది. జుట్టు పనుల మీద వచ్చేది షాపు అద్దెకి సరిపోతుంది. మిగిలేదల్లా ఆ తెల్ల డబ్బాల మీదే. డబ్బా నాలుగు వందల యాభై. అమ్మిపెట్టిన మనిషికి డబ్బాకి ఇరవై. నెలకి నలభై డబ్బాలు నున్నక్క ముఖం చూసే పోతాయి.

ఆ క్రీము కలిపేదీ నున్నక్కే. ప్రతి సోమవారం పార్లర్ తెరవకముందు వెనక గదిలో కలుపుతుంది. టోకు ధరకి తెచ్చిన తెల్ల క్రీము ప్లాస్టిక్ బకెట్‌లో సగం వరకు ఉంటుంది. అందులోకి మేడమ్ మందుల షాపు నుంచి తెచ్చిన ట్యూబులు పిండాలి. దురదలకి, దద్దుర్లకి నాలుగు రోజులు రాసి ఆపేయమని ఇచ్చే మందు అది. ఆ నాలుగు రోజుల సంగతి ట్యూబు మీద రాసే ఉంటుంది. తరవాత చిన్న పొట్లంలో తెల్లపొడి, పైన చెంచాడు సెంటు, ఆ తరవాత కర్రతో పావుగంట తిప్పుడు. డబ్బాలకెత్తి చుట్టూ ఆకులు, పువ్వులు అచ్చువేసిన కాగితం అంటించాలి. గ్లౌజులు వేసుకోకుండా ముట్టుకోవద్దని మేడమ్ మొదటి రోజే గట్టిగా చెప్పింది. శుభ్రత కోసం కాబోలు అనుకుంది నున్నక్క.

ఒక సోమవారం గ్లౌజు వేలి దగ్గర చిరిగింది. ఆ పూటకి వేరే జత లేదు, అలాగే కలిపేసింది. మూడో రోజుకి వేలి చివర పొర లేచింది. వారం పాటు కత్తెర పట్టుకుంటే నిప్పు ముట్టుకున్నట్టు మండింది. ఎవరితోనూ అనలేదు. తరవాతి సోమవారం రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుంది. కొందరికి పడదేమోలే అని మనసుకి చెప్పుకుంది, మనసు కూడా సరేనంది.

కొనుక్కెళ్ళేవాళ్ళు ఎవరో ఏమిటో తెలియనంత కాలం ఆ సర్దుబాటు బాగానే నడిచింది.

రెండు నెలల కిందట నున్నక్క ఇంటి పక్క వాటాలో ఉండే పిల్ల పార్లర్‌కి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. తల్లీ తనూ, ఇద్దరే. పెద్ద బట్టల షాపులో పని. పైన దీపాల వెలుగులో నిలబడే పని కాదు, కింద నేలమాళిగలో. కస్టమర్లు విప్పి చూసి వదిలేసిన బట్టలన్నీ మూటలుగా కిందికొస్తే మడతపెట్టి పైకి పంపాలి. కిటికీ లేదు, పీచు దుమ్ముకి రోజంతా తుమ్ములు. నాలుగేళ్ళుగా పైన కౌంటరుకి మార్చమని అడుగుతూనే ఉంది. ముఖం కాస్త తేటపడితే చూద్దాంలే అన్నాడట సూపర్‌వైజర్. పైన జీతం రెండు వేలు ఎక్కువ, అన్నిటికంటే ముఖ్యంగా గాలి ఆడుతుంది.

ఆ పిల్ల ఎవరినీ అడగలేదు. నేరుగా నున్నక్క దగ్గరికొచ్చి, నువ్వు రాసుకునేదే నాకూ ఇవ్వక్కా అంది.

ఇంకోచోట అయితే, ఇంకో గడియ అయితే, నున్నక్క కన్ను గీటేదే. ఇప్పుడు కాదు, ఇంటికొచ్చాక చెబుతా అనేదే. కానీ మూడడుగుల దూరంలో మేడమ్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. నోరు తన పని తాను చేసేసింది.

“నేనూ ఇదే వాడతానమ్మా.”

ఇంటి దగ్గర ఏమే అని పిలిచే పిల్లని కస్టమర్‌ని అన్నట్టు అమ్మా అనేసింది. ఆ పిల్లకి కూడా అది కొత్తగా అనిపించి నవ్వింది.

“నిజంగానా అక్కా? మీ ఇంట్లో ఎప్పుడూ కనపళ్ళేదే?”

మేడమ్ తలెత్తి చూసింది.

“అద్దం వెనకాల పెడతా,” అంది నున్నక్క.

మొదటి అబద్ధం అలవాటు కొద్దీ వచ్చింది. రెండోది మాత్రం ఆలోచించుకునే ఆడింది. ఆ తేడా ఆమెకి ఆ రోజంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ పిల్ల చేతిసంచిలోంచి మడతలు పడ్డ నోట్లు తీసి ఇస్తుంటే తన వాటాకి రావాల్సిన ఇరవై కూడా గుర్తొచ్చింది, గుర్తొచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆ సాయంత్రం వెళ్ళి చెప్పేద్దామనుకుంది. ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమై గడపలోనే కూలబడింది. మర్నాడు చెబుదామనుకుంది, మర్నాడు కూతురికి జ్వరం. ఆ తరవాత రోజు ఆ పిల్లే పని నుంచి ఆలస్యంగా వచ్చింది. చెప్పకూడదని ఒక్కరోజు కూడా అనుకోలేదు నున్నక్క. రేపు చెబుదామని మాత్రం ప్రతి రోజూ అనుకుంది. అలసిపోయిన మనిషికి రేపు కంటే మంచి చుట్టం ఇంకెవరూ ఉండరు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున పంపు దగ్గర ఆ పిల్ల ముఖం ముందుకి చాపి, చూడక్కా ఎంత తేటపడిందో అంది. నిజంగానే తేటపడింది. బుగ్గలు తళతళా మెరుస్తున్నాయి. సూపర్‌వైజర్ కూడా చూశాడట, వచ్చే నెల పైకి మారుస్తానన్నాడట. ఇక చెప్పడం మరీ కష్టమైపోయింది. అంత సంతోషంగా ఉన్న పిల్లకి ఏమని చెప్పాలి? పడినవాళ్ళకి పడుతుందేమో, తనే అనవసరంగా హడలిపోయిందేమో అని కూడా అనుకుంది.

ఆ మాటే మొగుడితో అంది. అతను ఇళ్ళకి రంగులు వేసే మనిషి. పోయిన ఏడు నిచ్చెన మీంచి పడి నడుం దెబ్బతిన్నాక ఎత్తులెక్కలేడు, గేట్లకి, కిటికీలకి మాత్రం వేస్తాడు, అదీ దొరికినప్పుడు. ఇల్లు ఇప్పుడు నడిచేది నున్నక్క జీతం మీదే. ఇంట్లో ఆ క్రీము సంగతి పెద్ద వేళాకోళం. అన్నం వడ్డిస్తే, ఏం బియ్యం ఇవి అంటాడు అతను, నేనూ ఇవే వాడతానమ్మా అంటుంది కూతురు, ముగ్గురూ పడి పడి నవ్వుతారు. ఆ రోజు మాత్రం అతను నవ్వలేదు. బ్రష్షు కడుక్కుంటూ అన్నాడు.

“తడి గోడకి రంగేస్తే పది రోజులు భలే మెరుస్తుంది. పదకొండో రోజు పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చుతో రంగొక్కటే రాదు, కింద సున్నం కూడా ఊడొస్తుంది.”

“నీకన్నీ గోడలే.”

“మన పిల్లకి రాస్తావా అది?”

నున్నక్క బ్రష్షు కడిగిన నీళ్ళు వాకిట్లో పారబోసి అన్నం డబ్బా సర్దుకుని పనికి వెళ్ళిపోయింది.

ఇదంతా జరిగి ఇప్పటికి నెల దాటింది. పోయిన వారం ఆ పిల్ల పంపు దగ్గర కనపడలేదు. నీళ్ళకి తల్లి వచ్చింది. కూతురికి ఒంట్లో బాగోలేదని మాత్రం చెప్పింది. నున్నక్క వెళ్ళి చూడలేదు. వెళ్ళే మొహం లేక వెళ్ళలేదు.

ఇవాళ శనివారం. పార్లర్ కిటకిటలాడుతోంది. ఉంగరాల జుట్టావిడ కాక గోడవార సోఫాలో ముగ్గురు ఆడవాళ్ళు వంతు కోసం కూర్చున్నారు. పక్క కుర్చీ దగ్గర నిలబడి పిన్ని ఎవరికో కనుబొమ్మలు తీస్తోంది. ఆవిడ ఇక్కడ అందరికీ పిన్నే, యాభై దాటాయి. పార్లర్ పెట్టిన రోజు నుంచీ ఉంది. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగబట్టి, మిగతాది రెండు చేతుల వేళ్ళకి పెనవేసి, టకటకా వెంట్రుకలు లాగేస్తుంది. రోజంతా నోట్లో దారమే కాబట్టి పిన్ని మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. ఎవరి గొడవా పట్టించుకోదని, పిన్ని ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటేనని అందరూ అనుకుంటారు.

తలుపు తీసుకుని పక్కింటి పిల్ల లోపలికొచ్చింది. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉంది. నున్నక్క ఆ నడక చూసే పోల్చుకుంది. చేతిలో స్ట్రెయిట్‌నర్ అలాగే ఆగిపోయింది, పాయలోంచి సన్నగా పొగ లేచింది. ఉంగరాల జుట్టావిడ అమ్మో అనేసరికి ఉలిక్కిపడి తీసి పక్కన పెట్టింది.

ఆ పిల్ల గుడ్డ విప్పింది. రెండు బుగ్గలూ మరిగే నీళ్ళు పడినట్టు ఎర్రగా కమిలి ఉన్నాయి. అక్కడక్కడా నీటి పొక్కులు. పెదవుల పక్కన పొర లేచి కింద పచ్చిగా కనిపిస్తోంది. చర్మం ఎంత పలచబడిందంటే కళ్ళ కింద సన్నటి ఎర్ర నరాలు లెక్కపెట్టొచ్చు. సోఫాలో ఒకావిడ తల పక్కకి తిప్పుకుంది.

మేడమ్ బల్ల వెనక నుంచి చటుక్కున లేచి వచ్చింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, సోఫాలో వాళ్ళకి వినపడేలా నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇది మంచిదేనట. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న మురికంతా బయటికొస్తోందట. ఈ దశలో భయపడి ఆపేస్తేనే పాడవుతుందట. ఇంకో డబ్బా రాస్తే కింది నుంచి కొత్త చర్మం వస్తుందట, ఆ డబ్బా సగం ధరకే ఇస్తానంది. ఇన్నేళ్ళుగా ఆవిడ ఎంతమందికి ఈ మాట చెప్పిందో, ఒక్క తడబాటు లేదు.

ఆ పిల్ల గొడవకి రాలేదు. గొడవకి వచ్చుంటే నున్నక్కకి కాస్త తేలికగా ఉండేది. మేడమ్ చెప్పిందంతా బుద్ధిగా తలూపుతూ విని, నున్నక్క వైపు తిరిగింది. కళ్ళలో కోపం లేదు. ఉన్నదంతా నమ్మకమే.

“అక్కా, సోమవారం నుంచి పైన కౌంటరు. ఆ రోజు ముఖం చూసే నిలబెడతారంట.” పెదవి కదిలితే నొప్పి కాబోలు, మాటలు పొడి పొడిగా వస్తున్నాయి. “నీకెన్ని రోజులకి తగ్గింది?”

నున్నక్క స్ట్రెయిట్‌నర్ స్విచ్చి ఆపింది.

“చెప్పవే,” అంది మేడమ్ నవ్వుతూనే. “నీకూ మొదట్లో ఇలాగే అయిందిగా. వారంలో తగ్గిపోలా? చెప్పు, పిల్ల భయపడుతోంది.”

వారం అని ఒక్క మాట అంటే చాలు. ఆ పిల్ల ఇంకో డబ్బా పట్టుకుని ఇంటికి పోతుంది. సోఫాలో ముగ్గురూ కుదుటపడతారు. ఉంగరాల జుట్టావిడ జుట్టు ఆరున్నరకి పూర్తవుతుంది, మొదటి తారీఖున తొమ్మిది వేలు చేతికొస్తాయి. అనకపోతే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. నలభై దగ్గరపడిన మనిషిని, నరాలుబ్బిన కాళ్ళతో, కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ఎదురు వీధి అద్దాల పార్లర్‌లో అందరూ పాతికలోపు వాళ్ళే. మొగుడు నిచ్చెన ఎక్కలేడు. ఇంటద్దె, కూతురి స్కూలు, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. పదకొండేళ్ళ అలవాటు, దానంతటదే వస్తుంది.

కానీ ఆ పిల్ల ముఖం అక్కడే ఉంది, రెండడుగుల దూరంలో. ఆ పెచ్చు తన చేత్తో తిప్పిన కర్ర వల్ల లేచిందే. పైగా ఆ పిల్ల అడిగింది క్రీము గురించి కాదు. నీకెన్ని రోజులకని అడిగింది. దానికి లెక్క ఎక్కడి నుంచి తేవాలి?

“నాకు రాలేదు,” అంది నున్నక్క. మళ్ళీ అంది. “నాకేం రాలేదే. నేనెప్పుడూ అది రాసుకోలేదు.”

ఆ పిల్లకి అర్థం కాలేదు. అద్దం వెనక పెడతావుగా అక్కా అంది. అద్దం వెనక ఏమీ లేదని నున్నక్క చెప్పింది. ఇవాళ్టితో రాయడం ఆపేయమని, ఉత్త చన్నీళ్ళు తప్ప ఇంకేమీ తగలనివ్వొద్దని, తను వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తానని చెప్పింది. సోమవారానికి తగ్గుతుందా అని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. తెలీదే అంది నున్నక్క. అన్నిటికీ గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పే మనిషి ఈ పార్లర్‌లో తెలీదు అనడం అదే మొదటిసారి.

మేడమ్ పెద్దగా నవ్వింది. పొద్దున్నుంచి నిలబడి దీనికి బుర్ర తిరిగింది, ఏదేదో మాట్లాడుతోందని సోఫా వైపు చూసి అంది. అరలోంచి కొత్త డబ్బా తీసి, సీలు తుంచి, మూత విప్పి నున్నక్క ముందు పెట్టింది. సెంటు వాసన గుప్పుమంది.

“సరే, అందరూ చూస్తున్నారుగా. వేలితో కాస్త తీసి నీ బుగ్గకి రాసుకో. ఏమవుతుందో వాళ్ళే చూస్తారు.” ఆ తరవాత గొంతు తగ్గించి, పెదవులు కదలకుండా అంది. “రాసుకుని పనిలో ఉండు. లేకపోతే నీ అన్నం డబ్బా సర్దుకో.”

నున్నక్క ఆ తెల్లటి క్రీము కేసి చూసింది. పోయిన సోమవారం తను కలిపిందే. పైన కర్రతో నున్నగా సర్దిన గీత కూడా అలాగే ఉంది. చెయ్యి చాపింది. మేడమ్ ముఖంలో బిగువు కాస్త సడలింది. చాపిన చెయ్యి డబ్బా దాకా పోలేదు, అరచెయ్యి పైకి తిరిగి మేడమ్ ముందు ఆగింది.

“గ్లౌజులివ్వండి మేడమ్.”

“ఏంటీ?”

“గ్లౌజులు లేకుండా దీన్ని ముట్టుకోవద్దని మీరే కదా చెప్పారు. కలిపినప్పుడల్లా రెండు జతలు వేసుకుంటున్నా.”

గొంతు పెంచి అనలేదు. రోజూ దువ్వెన అందివ్వండి అన్నట్టే అంది. కానీ ఉంగరాల జుట్టావిడ మెడ చుట్టూ కప్పిన గుడ్డ తానే విప్పేసుకుని కుర్చీలోంచి లేచింది. సగం జుట్టు నిటారుగా, సగం ఉంగరాలతో అలాగే నిలబడి, ఇందాక కొని సంచిలో వేసుకున్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. సోఫాలో ఒకావిడ తనకి తెలియకుండానే చెంప తడుముకుంది. పక్కింటి పిల్ల ఇంకా నున్నక్క అరచేతి కేసే చూస్తోంది.

మేడమ్ చుట్టూ చూసింది. ఇంకెవరు మిగిలారు?

“పిన్నీ,” అంది. ఆ పిలుపులో మొదటిసారిగా బతిమాలడం ఉంది. “నువ్వు చెప్పు పిన్నీ. నువ్వూ ఇదే వాడతావుగా?”

పిన్ని వంగిన నడుం ఎత్తలేదు. ముందున్న మనిషికి ఒక కనుబొమ్మ అయింది, రెండోది సగంలో ఉంది. జవాబు చెప్పాలంటే నోట్లో దారం వదలాలి. తల తిప్పి మేడమ్‌ని చూసింది. కమిలిన బుగ్గలతో నిలబడ్డ ఆ పిల్లని చూసింది. ఇంకా చాచే ఉన్న నున్నక్క చేతిని కూడా చూసింది.

తరవాత దారాన్ని పళ్ళ మధ్య ఇంకాస్త గట్టిగా బిగబట్టింది.